మొహల్లా పార్కు: కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికే దొరకదు

మన బస్తీల్లో పార్కు అంటే చాలాచోట్ల ఒకటే బొమ్మ. గేటుకి తుప్పుపట్టిన తాళం. లోపల గొలుసు తెగిన ఉయ్యాల, మోకాలెత్తు పిచ్చిమొక్కలు, ఒక మూల చెత్త, ఇంకో మూల ఎవరో వదిలేసిన పాత ఆటో. గోడకున్న శిలాఫలకం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏ సంవత్సరం, ఎన్ని లక్షలు, ఎవరి చేతుల మీదుగా అన్నీ అందులో చదువుకోవచ్చు.

అంటే డబ్బు రాలేదని కాదు. ఒకసారి వచ్చింది, ఖర్చయింది. ఆ తర్వాత రోజూ గేటు ఎవరు తీయాలి, మొక్కలకి నీళ్లు ఎవరు పోయాలి, మోటారు కాలిపోతే ఎవరు బాగుచేయించాలి అనేది ఏ కాగితం మీదా రాయలేదు. ఈలోపు పిల్లలు గల్లీలో బైకుల మధ్య క్రికెట్ ఆడుతున్నారు. షుగర్ ఉన్న అమ్మీని డాక్టర్ రోజూ నడవమంటాడు, ఆమె డాబా మీదే అటూ ఇటూ తిరుగుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. ఆ లెక్కలో మన ఇళ్లూ ఉన్నాయి.

"పార్కు బాగుచేయించండి" అని వినతిపత్రం ఇవ్వడం మనకు బాగా అలవాటే. ఆ పత్రం ఏ టేబుల్ మీదికి పోతుంది, ఏ పద్దు కింద డబ్బు వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే తెలియదు. ఇక్కడ చెప్పేది అదే. ఎక్కువగా హైదరాబాద్, తెలంగాణ మున్సిపాలిటీల సంగతి రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకి ఆఫీసుల పేర్లు కొన్ని మారతాయి గానీ దారి దాదాపు ఇదే.

ముందు జాగా ఎవరిది?

హైదరాబాద్ పేర్లలోనే తోటలున్నాయి. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి, మూసారాంబాగ్. వాటిలో చాలాచోట్ల ఇప్పుడు బాగ్ అనేది బస్సు బోర్డు మీదే మిగిలింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే, 1912లో, ఇరుకు గల్లీలు వెడల్పు చేసి గాలీ వెలుతురూ ఉండే బస్తీలు కట్టడానికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఊళ్లో ఖాళీ జాగా అనవసరమైన సోకు కాదని వందేళ్ల కిందటి పాలకులకే అర్థమైంది.

మరి మన కాలనీకి పార్కు ఎందుకు లేదు? లేదా ఉండీ ఎందుకు సగమే ఉంది? ఇప్పటి నిబంధనల ప్రకారం అనుమతి తీసుకుని లేఔట్ వేసేవాళ్లు అందులో కనీసం 10 శాతం జాగా ఖాళీగా వదలాలి. దాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి రాసివ్వాలి. అప్పుడది ఎవరి సొంతమూ కాదు, అమ్మడానికి వీల్లేదు. కానీ మనవాళ్లు ఇళ్లు కట్టుకున్న బస్తీలు ఎన్నో అనుమతి లేని లేఔట్లు. అమ్మేటప్పుడు కాగితం మీద పచ్చరంగు వేసి "ఇది పార్కు" అని చూపిస్తారు. నాలుగేళ్లు పోయాక ఆ పచ్చరంగు మీద కూడా ఒక ప్లాటు నంబర్ పడుతుంది.

ఇలాంటి ప్లాట్లని క్రమబద్ధీకరించేదే ఎల్‌ఆర్‌ఎస్. 2020 ఎల్‌ఆర్‌ఎస్ నిబంధనల్లో చాలామంది చదవకుండా డబ్బు కట్టేసిన ఒక లైను ఉంది. లేఔట్‌లో 10 శాతం ఖాళీ జాగా వదలకపోతే, ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. దాని పేరే ఓపెన్ స్పేస్ చార్జీ. అంటే మీ కాలనీలో పార్కు లేనందుకు మీరు కట్టిన డబ్బు అది. అలా వసూలైన డబ్బుని వేరే ఖాతాలో ఉంచి ఆ ప్రాంతంలో వసతుల కోసమే వాడాలన్నది నిబంధన. మా కాలనీ నుంచి ఈ పద్దు కింద ఎంత వసూలైంది, ఎంత ఖర్చు పెట్టారు అని అడగడం మన హక్కు. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. నా ఉద్దేశంలో పార్కు కోసం చేసే ఖర్చుల్లో ఈ 10 రూపాయలంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

అదే దరఖాస్తులో లేఔట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు కూడా అడగాలి. అవి చేతిలో ఉంటే పార్కు సరిహద్దులు ఎక్కడున్నాయో తెలుస్తుంది. పక్కింటి గోడ రెండు గజాలు లోపలికి జరిగిందా లేదా అన్నది మాటల్లో కాదు, కొలతల్లో తేలుతుంది. హైదరాబాద్‌లో ఆక్రమణ ఉంటే 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రాకి ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ కూడా మొదట అడిగేది లేఔట్ కాగితమే.

ఇంకో మాట, కొంచెం సున్నితమైనదే అయినా చెప్పాలి. పార్కు జాగాని వేరే "మంచి పని"కి ఇద్దామని మొహల్లాలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. షాదీఖానా కడదామంటారు, ఆస్పత్రి అంటారు. బెంగళూరులో ఇలాగే పార్కు జాగాని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే 1991లో సుప్రీంకోర్టు చెల్లదని కొట్టేసింది. పార్కు స్థలం పార్కుగానే ఉండాలన్నది ఆ తీర్పు సారాంశం. పార్కుల్లో, రోడ్ల మీద అనుమతి లేకుండా కొత్తగా గుడిగానీ మస్జిద్‌గానీ చర్చిగానీ గురుద్వారాగానీ కట్టనివ్వొద్దని అదే కోర్టు 2009 సెప్టెంబర్ 29న ఆదేశించింది. ఇది అందరికీ వర్తిస్తుంది, మనకి కూడా.

దీనికి ఉల్టా సమస్య కూడా ఉంది. ఖాళీగా కనిపిస్తోంది కదా అని పార్కు చేద్దామనుకున్న జాగా వక్ఫ్‌ది కావచ్చు, పాత ఖబ్రస్తాన్ కావచ్చు. అలాంటి అనుమానం ఏమాత్రం ఉన్నా మున్సిపాలిటీకి వెళ్లే ముందే వక్ఫ్ బోర్డు గెజిట్‌లో సర్వే నంబర్ చూసుకోవాలి. మంచి పని మొదలుపెట్టి మనమే వక్ఫ్ జాగా పోగొట్టిన వాళ్లం కాకూడదు.

రెండు రకాల ఖర్చు

బి.కామ్ మొదటి సంవత్సరంలో చెప్పే పాఠం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఖర్చు రెండు రకాలు, కాపిటల్ ఖర్చు, రెవెన్యూ ఖర్చు. గోడ, గేటు, వాకింగ్ ట్రాక్, బెంచీలు, ఉయ్యాల మొదటి రకం. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి ఉంటాయి. మాలీ జీతం, కరెంటు బిల్లు, మోటారు రిపేరు రెండో రకం. నెల నెలా వస్తూనే ఉంటాయి.

మన రాజకీయ నిధులన్నీ మొదటి రకానికే. ఎంపీ ల్యాడ్స్ చూడండి. 1993 డిసెంబర్‌లో మొదలైన ఈ పథకం కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పనిని సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేసి చేయిస్తుంది. నిబంధనల్లో స్పష్టంగా ఉన్నది ఏమిటంటే, శాశ్వతంగా నిలిచే ఆస్తులకే ఈ డబ్బు, రోజువారీ ఖర్చులకి ఇవ్వరు. అంతేకాదు, కట్టిన తర్వాత దాన్ని ఎవరు నడుపుతారో ముందే ఒప్పుకోలు పత్రం తీసుకోవాలి. ఎమ్మెల్యేల నియోజకవర్గ అభివృద్ధి నిధి స్వభావం కూడా ఇదే. నాయకులకి కూడా గోడ, గేటు అంటేనే ఇష్టం, శిలాఫలకం వేయడానికి చోటుంటుంది. మాలీ జీతానికి ఎవరూ రిబ్బన్ కత్తిరించరు.

మున్సిపాలిటీ బడ్జెట్‌లో రెండు రకాల ఖర్చులూ ఉంటాయి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని చెప్పింది. దీన్నే గ్రీన్ బడ్జెట్ అంటున్నారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న షరతు కూడా ఆ చట్టంలోనే ఉంది. 2020 అక్టోబర్‌లో జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించి ఈ 10 శాతం నిబంధన హైదరాబాద్‌కి కూడా తెచ్చారు. చిన్న పట్టణాల్లో ఉన్నవాళ్లు, జహీరాబాద్ కానీ నిర్మల్ కానీ, దరఖాస్తులో ఈ చట్టం పేరు, 10 శాతం మాట తప్పకుండా రాయాలి. "పార్కు బాగుచేయండి సార్" అనే ఉత్తరానికి, "గ్రీన్ బడ్జెట్‌లో మా వార్డుకి ఈ ఏడాది ఎంత కేటాయించారు, అందులోంచి మా పార్కుకి ఇవ్వండి" అనే ఉత్తరానికి ఆఫీసులో మర్యాద వేరుగా ఉంటుంది.

ఆ చట్టమే ప్రతి వార్డులో యువకులకి, మహిళలకి, వృద్ధులకి, ప్రముఖులకి వేరువేరుగా నాలుగు వార్డు కమిటీలు ఉండాలంది. మీ వార్డులో అవి ఉన్నాయా, ఉంటే అందులో ఎవరున్నారు? చాలామందికి తమ పక్కింటి మనిషి సభ్యుడన్న సంగతే తెలియదు. పుణె కార్పొరేషన్ 2006 నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. బడ్జెట్ తయారీకి ముందే జనం తమ వార్డులో ఏ చిన్న పని కావాలో ఫారం నింపి ఇస్తారు. మన దగ్గర అలాంటి ఫారం లేదు కాబట్టి ఆ పని వార్డు కమిటీతో, కార్పొరేటర్ లేదా కౌన్సిలర్‌తో చేయించుకోవాలి.

కేంద్ర పథకాల్లో అమృత్ ఉంది. 2015లో మొదలైన తొలి విడతలో ప్రాజెక్టు డబ్బులో 2.5 శాతం దాకా పార్కులకి పెట్టుకోవచ్చు, పిల్లలకీ వృద్ధులకీ అనువుగా ఉండాలని చెప్పారు. 2021 అక్టోబర్‌లో వచ్చిన రెండో విడత నీళ్లు, డ్రైనేజీ, చెరువుల మీద ఎక్కువ దృష్టి పెట్టినా పార్కులూ అందులో ఉన్నాయి. కానీ ఇవి ఊరి స్థాయిలో తయారయ్యే ప్రణాళికలు. ఒక గల్లీ పార్కు వాటికోసం ఎదురుచూస్తే పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

ఇక కంపెనీల సీఎస్‌ఆర్. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. ఇది వినగానే మన కుర్రాళ్లు ఉత్సాహంగా నాలుగు కంపెనీలకి మెయిల్ పెడతారు, జవాబు రాదు. కారణం మామూలుదే. కంపెనీ ఒక సొసైటీకి డబ్బివ్వాలంటే ఆ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్‌ఆర్-1 ఫారం నమోదై ఉండాలి, అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం చూపించాలి. నిన్న పెట్టిన మొహల్లా సొసైటీకి ఇవేవీ ఉండవు. అందుకని కంపెనీని నేరుగా మున్సిపాలిటీతో కలపడం మేలు, చట్టం ద్వారా ఏర్పడ్డ సంస్థలకి ఆ మూడేళ్ల షరతు లేదు. లేకపోతే ఇవన్నీ ఉన్న పాత స్వచ్ఛంద సంస్థ ద్వారా వెళ్లాలి. సీఎస్‌ఆర్‌లో ఒక సుగుణం ఉంది. మొదలైన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్లు నడిచే ప్రాజెక్టుగా రాసుకోవచ్చు. అంటే ఆ కొన్నేళ్ల మాలీ జీతం కూడా అందులో పెట్టమని అడగొచ్చు. అడగాలి.

20 లక్షలు అంటే 20 లక్షల పని కాదు

మంజూరైన మొత్తం చూసి మోసపోవద్దు. ప్రభుత్వ పనుల మీద 18 శాతం జీఎస్టీ, 1 శాతం లేబర్ సెస్ ఉంటాయి. 20 లక్షలు మొత్తంగా మంజూరైతే, ఈ రెండే తీసేసినా నేల మీద కనపడే పని విలువ దాదాపు 16 లక్షల 80 వేలు. ఉల్టాగా, 20 లక్షల విలువైన పనే కావాలంటే 23 లక్షల 80 వేలకి అడగాలి. ఈ తేడా తెలియక చివర్లో "డబ్బు సరిపోలేదు" అని లైట్లు ఎత్తేస్తారు. ఎప్పుడూ ముందు ఎత్తేసేవి లైట్లు, టాయిలెట్లే.

అందుకే ఇంజనీర్ ఎస్టిమేట్ వేయడానికి వచ్చిన రోజున మొహల్లా తరఫున ఇద్దరు ముగ్గురు పక్కన ఉండాలి. ఏం కావాలో వరస ముందే రాసుకుని ఉండాలి. ఉదాహరణకి 1,000 గజాల పార్కు, పొడవు 40 గజాలు, వెడల్పు 25 గజాలు అనుకుందాం. గోడ నుంచి కాస్త లోపలికి ట్రాక్ వేస్తే ఒక చుట్టు 110 మీటర్ల దాకా వస్తుంది. తొమ్మిది చుట్లు తిరిగితే కిలోమీటరు. ఇంత చిన్న చోట ఫౌంటెన్ ఎందుకు? ఆరు నెలల్లో అది దోమల తొట్టి అవుతుంది. ఓపెన్ జిమ్ పరికరాలు కూడా ఆరు పెట్టి నాలుగు విరగ్గొట్టుకునే బదులు, రెండు పెట్టి ఆ డబ్బుతో ఇంకో రెండు లైట్లు వేయించుకోవడం నయం. ఇనుప రేకు జారుడుబల్ల ఎండాకాలంలో పెనంలా కాలుతుంది. దాన్ని చెట్టు నీడకి జరపాలి, లేదా ప్లాస్టిక్‌ది అడగాలి. మొక్కలు వేప, కానుగ, నేరేడు. వానాకాలం మొదట్లో నాటితే నీళ్ల బాధ సగం తగ్గుతుంది. బోరు ఉంటే పక్కనే ఇంకుడు గుంత తప్పనిసరి.

జీహెచ్‌ఎంసీలో ఇంకో చిక్కు ఉంది. మొక్కలు, పచ్చిక అర్బన్ బయోడైవర్సిటీ విభాగం చూస్తుంది. గోడలు, ట్రాకు ఇంజనీరింగ్ విభాగానివి. లైట్లకి మళ్లీ వేరే విభాగం. ఒకే పార్కు ఫైలు ఇన్ని టేబుళ్ల మీద తిరుగుతుంది. మొక్కలు నాటిన వారం రోజులకే ట్రాక్ పనివాళ్లు వచ్చి వాటిని పీకేయడం ఇందువల్లే. అన్ని విభాగాల వాళ్లనీ ఒకే రోజు పార్కుకి రప్పించగలిగితే సగం పని అయినట్టే.

పని నడిచేటప్పుడు కాంట్రాక్టర్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. బిల్లు ఇచ్చే ముందు ఇంజనీర్ కొలతలన్నీ ఎం-బుక్‌లో రాస్తాడు. ఆ ఎం-బుక్, ఎస్టిమేట్ నకళ్లు సమాచార హక్కు కింద దొరుకుతాయి. రెండూ పక్కపక్కన పెట్టి, టేపు పట్టుకుని ట్రాక్ కొలిస్తే చాలు.

నెలకి 108 రూపాయలు

ఇప్పుడు అసలు సంగతి, నడపడం. కొన్ని అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి నేను వేసినవి, మీ చోట మారతాయి. వాచ్‌మన్ పని, మాలీ పని రెండూ చూసే ఒక మనిషికి నెలకి 15,000. ఏడాదికి 1,80,000. కరెంటు, నీళ్లు, మోటారు ఖర్చు నెలకి 4,000 అనుకుంటే ఏడాదికి 48,000. చిన్న రిపేర్లకి ఏడాదికి 30,000. మొత్తం 2,58,000. చుట్టూ 200 ఇళ్లుంటే ఒక్కో ఇంటికి ఏడాదికి 1,290. నెలకి 108 రూపాయలు కూడా పూర్తిగా కాదు. ఇరానీ హోటల్లో ఐదారు చాయ్‌ల ఖర్చు.

కానీ 200 ఇళ్లూ ఇవ్వవు. రోజు కూలీ మీద బతికే ఇల్లు ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. పార్కు అందరిదీ కాబట్టి ఇవ్వని పిల్లలకి గేటు మూయలేం. 120 ఇళ్లే ఇస్తాయనుకుని లెక్క వేసుకుంటే ఒక్కో ఇంటికి నెలకి 180 దాకా పడుతుంది. మున్సిపాలిటీ కనీసం కరెంటు, నీళ్లు భరిస్తానని రాసిస్తే ఆ భారం బాగా తగ్గుతుంది. దరఖాస్తులో అడగాల్సింది ఇదే: కట్టించడం మీరు, కరెంటూ నీళ్లూ మీరు, రోజువారీ చూసుకోవడం మేము. ఇలా రాసుకున్న మొహల్లాకి ఎంపీ నిధుల దగ్గర కావలసిన ఒప్పుకోలు పత్రం కూడా సిద్ధంగా ఉన్నట్టే.

దీనికి ఒక రిజిస్టర్డ్ సొసైటీ కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్లు, ఒకే మస్జిద్ కమిటీవాళ్లు, ఒకే పార్టీవాళ్లు కాకుండా చూసుకోండి. మన మొహల్లాల్లో మనవాళ్లే ఉండరు. కిరాణా కొట్టు శెట్టిగారు, గల్లీ చివర చర్చి పాస్టరు గారు, ఇస్త్రీ బండి ఆయన, అందరి పిల్లలూ ఆ ఉయ్యాలే ఊగాలి. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టండి, అందులో ఒకరు మహిళ అయితే మంచిది. నెలాఖరున వచ్చింది ఎంత, పోయింది ఎంత ఒక కాగితం మీద రాసి గేటుకి అతికించండి. ఆ కాగితం ఒక్క నెల ఆగినా మరుసటి నెల చందా తగ్గుతుంది, ఇది ఏ మొహల్లాలో అయినా చూడొచ్చు.

జకాత్ డబ్బు పెట్టొచ్చా?

రంజాన్ దగ్గరపడగానే ఈ ప్రశ్న వస్తుంది. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం జకాత్ చెల్లాలంటే తమ్లీక్ జరగాలి. అంటే హక్కుదారుడైన పేదవాడి చేతికి ఆ డబ్బు సొంతంగా అందాలి. వంతెన, బావి, రోడ్డు, పార్కు లాంటి వాటికి యజమాని ఉండడు కాబట్టి వాటికి ఇస్తే జకాత్ తీరదు. వాచ్‌మన్ జీతం కింద ఇచ్చినా తీరదు, అది అతని కష్టానికి కూలీ కాబట్టి. అతను నిజంగా జకాత్‌కి అర్హుడైతే జీతం పూర్తిగా ఇచ్చి, జకాత్ వేరేగా ఇవ్వవచ్చు. లిల్లాహ్ డబ్బు, నఫిల్ సదఖా మాత్రం పార్కుకి నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా పక్షి తిన్నా నాటినవాడికి సదఖా అన్న భావం హదీసుల్లో అందరికీ తెలిసిందే. చనిపోయిన అమ్మానాన్నల పేరు మీద సదఖా జారియాగా బోరు వేయించేవాళ్లున్నారు, బెంచీలు చేయించేవాళ్లున్నారు. వాళ్లని ఒక మాట అడగండి: బోరుతో పాటు రెండేళ్ల మోటారు రిపేరు ఖర్చు కూడా ఆ నియ్యత్‌లో కలుపుకోగలరా అని. మీ చందా పెట్టె విషయంలో సందేహం ఉంటే జామియా నిజామియా లాంటి చోట దారుల్ ఇఫ్తాలో రాతపూర్వకంగా అడిగి ఆ ఫత్వా కాపీ ఫైల్లో పెట్టుకోండి.

కార్పస్ ఫండ్ పెట్టి బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసి వడ్డీతో నడపమని కొందరు సలహా ఇస్తారు. వేరేచోట్ల అది మామూలే, మనవాళ్లు చాలామంది ఆ వడ్డీ ముట్టుకోరు. దాని బదులు ఎవరైనా స్తోమత ఉన్నవాళ్లు ఒక ముల్గీ అద్దెని పార్కు కోసం రాసిస్తే అది మన పాత పద్ధతే. సరాయిలు, బావులు నడిచింది అలాంటి ఆదాయాలతోనే.

ఆడవాళ్లు రాకపోతే సగం పార్కే

ప్లాను గీసే మీటింగ్‌కి ఆడవాళ్లని పిలవరు. పిలిచినా ఇషా తర్వాత మస్జిద్ మెట్ల దగ్గర పెడితే ఎలా వస్తారు? అస్ర్‌కి ముందు ఎవరింట్లోనైనా పెట్టి, ఖాలాలనీ కోడళ్లనీ కూర్చోబెట్టి అడిగితే జాబితా మొత్తం మారిపోతుంది. మగవాళ్లు జిమ్ అంటారు. వాళ్లు టాయిలెట్ అంటారు, లైటు అంటారు, పిల్లలు కనపడేలా బెంచీ అంటారు.

పర్దా కోసం చుట్టూ ఎత్తు గోడ కట్టించమని చాలామంది అడుగుతారు. నాకు అది సరైనదనిపించదు. బయటికి ఏమీ కనపడని గోడ వెనక చీకటి పడితే ఆకతాయిలే చేరతారు, ఆడవాళ్లు మొత్తానికే రావడం మానేస్తారు. నడుం ఎత్తు గోడ, పైన గ్రిల్, లోపలి వైపు ఒక వరస గుబురు మొక్కలు, గేటు దగ్గరే ఆడవాళ్లు కూర్చునే మూల. ఇలా ఉంటే మరుగూ ఉంటుంది, వీధి చూపూ ఉంటుంది. లేదంటే వేళలు పంచుకోవచ్చు, ఉదయం పది నుంచి మధ్యాహ్నం దాకా ఆడవాళ్లకీ చిన్నపిల్లలకీ మాత్రమే అని. ఫజ్ర్ తర్వాత, అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా రద్దీ ఎక్కువ. రంజాన్‌లో తరావీహ్ తర్వాత కుటుంబాలు బయటికి వస్తాయి, ఆ నెల లైట్లు ఆలస్యంగా ఆర్పాలని వాచ్‌మన్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఎప్పుడు ఇవ్వాలి

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది గానీ కార్పొరేషన్ బడ్జెట్ కసరత్తు చలికాలంలోనే నడుస్తుంది. మార్చిలో వెళ్తే అంకెలు అయిపోయి ఉంటాయి. అందుకని వానాకాలంలో కాగితాలు, సెప్టెంబర్‌లో మీటింగులు, అక్టోబర్ దాటకుండా దరఖాస్తు. లేఔట్ నకలు, నాలుగు ఫోటోలు, కావలసిన పనుల వరస, నిర్వహణ మేం చూస్తామన్న సొసైటీ తీర్మానం, సంతకాలు. సంతకాల్లో ఆడవాళ్లవీ ఉండాలి. సోమవారం ప్రజావాణిలో ఇస్తే నమోదవుతుంది. మీ దగ్గర ఉండే కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. నెల రోజులకి జవాబు లేకపోతే ఆ నంబరు వేసి, ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుందో సమాచార హక్కు కింద అడగండి. మళ్లీ 10 రూపాయలే.